పాముకాటు: పడక నుంచి ఆసుపత్రి దాకా



ఈ ధర్మనిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆ డాక్టరుగారు ఉద్యోగజీవితమంతా తాలూకా ఆసుపత్రుల్లోనే గడిపారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. ఆయన కుటుంబం నిధిపత్రంలో ఒకే ఒక్క షరతు రాయించింది: ఏటా ఇచ్చే ఉపన్యాసం వైద్యుల కోసం కాక, ఇల్లు నడిపే మనుషుల కోసం ఉండాలి. ఆ షరతుకు కట్టుబడి ఇవాళ పాముకాటు గురించి మాట్లాడతాను.

ఇంటిల్లిపాది ఆరోగ్యాన్ని కాపాడుకోవడం అనగానే మనకు టీకాలు, మంచినీళ్లు, దోమలు, ఈమధ్య బీపీ, షుగరు గుర్తుకొస్తాయి. పాముకాటు ఆ వరసలోకి రాదు. నుదుటిరాత అని పక్కన పెట్టేస్తాం. ఆ ఇంటివాళ్లు ఏడ్చి ఊరుకుంటారు, ఊరు నాలుగు రోజులు చెప్పుకుని మరచిపోతుంది. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. పాముకాటు చావుల్లో చాలావాటిని ఆపవచ్చు. ఆ పని ముందు మనం పడుకునే చోట మొదలు కావాలి, తర్వాత దారిలో, ఆ తర్వాత ఊరికి దగ్గరలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో.

చావుల లెక్క చెబితే చాలామంది నమ్మరు. ఆసుపత్రి రిజిస్టర్లలో పాముకాటు మరణాలు తక్కువగానే కనిపిస్తాయి, ఎందుకంటే చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రి గడప తొక్కనే లేదు. అందుకే మిలియన్ డెత్ స్టడీ అనే పెద్ద అధ్యయనం రిజిస్టర్లను వదిలి ఇళ్లకు వెళ్లింది. మీ ఇంట్లో మనిషి ఎలా పోయారని కుటుంబాలనే అడిగింది. ఆ వివరాలతో 2011లో వచ్చిన వ్యాసం ప్రకారం 2005 ఒక్క ఏడాదిలో దేశంలో పాముకాటుతో పోయినవారు సుమారు 45,900 మంది. వాళ్లలో ఆసుపత్రిలో కన్నుమూసినవారు నాలుగో వంతు కూడా లేరు. రాష్ట్రాలవారీగా చూస్తే ఉత్తరప్రదేశ్ తర్వాతి స్థానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది, దాదాపు 5,200 మరణాలు. 2020లో అదే అధ్యయనాన్ని మరింత ముందుకు తీసుకువెళ్లినప్పుడు 2000 నుంచి 2019 వరకు దేశం మొత్తం మీద దాదాపు 12 లక్షల మంది చనిపోయారని తేలింది. ఏడాదికి సగటున 58,000. సగం చావులు జూన్, సెప్టెంబరు మధ్యనే. నాట్లు, కలుపుతీతలు, వానలు, పుట్టల్లోకి నీళ్లు చేరడం అన్నీ ఒక్కసారే జరిగే నెలలవి. చనిపోయినవారిలో నాలుగో వంతుకు పైగా పదిహేనేళ్లలోపు పిల్లలు. ఆ ఒక్క మాట చాలు, ఇది ఇంటింటి విషయమని చెప్పడానికి.

పాముల గురించి మన నేల మీద జరిగిన ఒక పనిని ఇక్కడ తలచుకోవాలి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1785లో ఈస్టిండియా కంపెనీ తరఫున ప్రకృతి పరిశోధకుడిగా కుదురుకుని విశాఖపట్నంలో ఉన్నాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసిన మనిషి. ఏ పాము కరిస్తే ప్రాణం పోతుంది, ఏది కరిస్తే పోదు అన్నది వైద్యులకే స్పష్టంగా తెలియని రోజులవి. రస్సెల్ ఊళ్లవాళ్లు పట్టి తెచ్చిన పాముల కోరలు చూసి, జంతువుల మీద పరీక్షించి, విషపాముల్ని వేరు చేశాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో మన పాములు చాలావరకు తెలుగు పేర్లతోనే ఉన్నాయి. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడే బంగారస్ అనే పేరు ఆయన రాసుకున్న బంగారు పాము నుంచి వచ్చిందే. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. మన పల్లెల జనం చూపించిన పాములు, చెప్పిన పేర్లు ప్రపంచ విజ్ఞానంలో చేరి రెండు శతాబ్దాలు దాటింది. ఆ విజ్ఞానం తయారుచేసిన మందు మాత్రం ఆ పల్లెలకే సకాలంలో అందడం లేదు. డాక్టరుగారిని జీవితాంతం బాధపెట్టిన సంగతి ఇదే.

మన ప్రాంతంలో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. పింజర కరిస్తే మనిషికి వెంటనే తెలుస్తుంది. మంట, వాపు, చిగుళ్ల నుంచి రక్తం, తర్వాత మూత్రం తగ్గిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం. నాగుపాము కాటులోనూ నొప్పి, వాపు ఉంటాయి. కట్లపాము సంగతి వేరు. దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే అది ఇంట్లోకి వచ్చి, నిద్రలో ఉన్న మనిషిని కరుస్తుంది.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. చాప మీదో దుప్పటి మీదో నేలపై పడుకున్నవాళ్లకు తగిలి కరుస్తుంది. కోరలు చిన్నవి, గాటు కనపడదు, నొప్పి దాదాపు ఉండదు, వాపు రాదు. చాలామందికి మెలకువే రాదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, వాంతి అవుతుంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటుంది. అజీర్ణమనుకుంటారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది.

ఒక వానాకాలం రాత్రి మా ఆసుపత్రికి ఒక బాలికను తెచ్చారు. కడుపునొప్పి అంటే ఊళ్లో ఎవరో గ్యాసు మాత్ర ఇచ్చారు, తగ్గకపోతే ఇంకొకరు సెలైన్ ఎక్కించారు. మా దగ్గరకు వచ్చేసరికి పిల్ల కళ్లు తెరవలేకపోతోంది. డాక్టరుగారు కడుపు తడమలేదు. "ఎక్కడ పడుకుంది?" అని అడిగారు. నేల మీద, ధాన్యం బస్తాల పక్కన అన్నారు. వెంటనే పాము మందు మొదలుపెట్టించారు. మా ఆసుపత్రిలో వెంటిలేటర్ లేదు. గొంతులోకి గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఇచ్చాం. నర్సులు, వార్డుబాయి, ఆఖరికి పిల్ల మేనమామ కూడా వంతులవారీగా నొక్కారు. ఆ పిల్ల బతికింది.

ఇలా విషం ముదిరినవాళ్లకు కనురెప్ప వేలితో ఎత్తినా చూపు కదలదు, కాలూ చెయ్యీ ఆడవు, పిలిస్తే పలకరు. చూసినవాళ్లు ప్రాణం పోయిందనుకుంటారు. కట్లపాము, నాగుపాము విషంతో కండరాలు చచ్చుబడ్డ మనిషికి అప్పటికి కూడా స్పృహ ఉండవచ్చు, పక్కన మనం ఏడుస్తున్నది వినపడుతూ ఉండవచ్చు. ఊపిరి ఇస్తూ ఉంటే గంటల తర్వాతో, రోజుల తర్వాతో ఆ మనిషి లేచి కూర్చుంటాడు. కాబట్టి దారిలో కదలిక ఆగిపోయిందని బండి వెనక్కి తిప్పకండి. పోయాడో లేదో చెప్పవలసింది వైద్యుడు, అదీ పరీక్ష చేసిన తర్వాతే.

ఈ పాము నుంచి ఇంటిని కాపాడే వస్తువు చాలా చవకది: దోమతెర. నేపాల్ తరాయి ప్రాంతంలో జరిగిన ఒక పరిశీలన 2007లో అచ్చయింది. దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తక్కువని అందులో తేలింది. తెర అంచుల్ని చాప కిందికి, పరుపు కిందికి గట్టిగా దోపాలి. మలేరియాకు, డెంగీకి పనికొచ్చే తెరే కట్లపాముకూ అడ్డం పడుతుందంటే, పిల్లలున్న ఏ ఇంటికైనా అంతకన్నా లాభం ఏముంది? మంచం ఉంటే మరీ మంచిది. నులక మంచమైనా, నవారు మంచమైనా నేలకన్నా మేలు. మంచం కొనలేని ఇంటికి ప్రభుత్వం పెద్ద పథకాలతో పాటు ఒక మంచాన్ని కూడా ఇవ్వవచ్చని నేను చాలా సభల్లో చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. వసతిగృహాల్లో పిల్లల్ని నేల మీద పడుకోబెట్టే పద్ధతి పోవాలి. తల్లిదండ్రులు మనల్ని నమ్మి పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్లకు మంచం, దోమతెర ఇవ్వలేని వసతిగృహానికి అనుమతి ఉండకూడదు.

పాము ఇంట్లోకి ఊరికే రాదు. ఎలుక కోసం వస్తుంది, కప్ప కోసం వస్తుంది. ధాన్యం బస్తాలు, కోళ్ల గూడు, కట్టెల మోపు, పిడకల గుట్ట పడకగదిని ఆనుకుని ఉంటే పామును మనమే పిలిచినట్టు. వాటిని ఇంటికి కాస్త ఎడంగా పెట్టుకోవాలి. తలుపు కింద సందు మూయాలి, తూముకు జాలీ బిగించాలి. పిడకల్లో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. ఇది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు చేసే పని, కాట్లు కూడా చేతుల మీద వాళ్లకే పడుతుంటాయి. రాత్రి బహిర్భూమికి వెళ్లే అవసరం లేకుండా ఇంట్లో మరుగుదొడ్డి ఉండడం కూడా ఇందులో భాగమే.

పొలం దగ్గర చీకటే పెద్ద శత్రువు. వ్యవసాయ మోటార్లకు నడిరాత్రి కరెంటు ఇచ్చిన ఏళ్లు రైతు కుటుంబాలకు గుర్తుండే ఉంటాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, వచ్చినప్పుడు మళ్లు తడపకపోతే పైరు ఎండుతుందన్న భయంతో, గట్ల వెంట చెప్పుల్లేని కాళ్లతో స్టార్టర్ దగ్గరకు నడిచారు. కొందరు షాకుతో, కొందరు పాముకాటుతో పోయారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి రోజంతా సరఫరా మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూటే తొమ్మిది గంటలు ఇవ్వాలన్న నిర్ణయం వచ్చింది. వీటిని రైతు సౌకర్యంగానే చూశాం. నా దృష్టిలో ఇవి ప్రాణాలు కాపాడే చర్యలు కూడా. ఏ ఫీడరుకు ఏ వేళ కరెంటు ఇవ్వాలో నిర్ణయించే అధికారి చేతిలో కొన్ని ప్రాణాలుంటాయి. ఆ సంగతి అతనికి ఎవరైనా చెప్పాలి. రాత్రి వెళ్లక తప్పకపోతే టార్చిలైటు, చేతికర్ర, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు ఉండాలి. బురదలో బూట్లతో నాట్లు వేయడం కష్టమని కూలీలు అంటారు, అది నిజమే. కనీసం కోతలప్పుడు, గడ్డి మోసేటప్పుడు, రాత్రి నడకలో వేసుకోవచ్చు.

ఇక కాటు పడ్డ తర్వాత. మన ఊళ్లలో చాలామంది ముందు పరుగెత్తేది మంత్రం వేసేవాడి దగ్గరికో, పసరు పోసేవాడి దగ్గరికో. వాళ్లను వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. వాళ్లలో చాలామంది డబ్బు తీసుకోకుండా అర్ధరాత్రి లేచి వచ్చే మంచి మనుషులు. అయినా ఒక నిజం చెప్పి తీరాలి. మనిషిని కరిచే పాముల్లో ఎక్కువభాగం విషం లేనివి: జెర్రిపోతు, నీరుకట్టు లాంటివి. విషపాము కరిచినా కొన్నిసార్లు విషం ఎక్కించదు. ఇలాంటివాళ్లంతా ఏ వైద్యం లేకపోయినా బతుకుతారు. ఆ బతికినవాళ్ల లెక్క మంత్రం ఖాతాలో పడుతుంది. నిజంగా విషం ఎక్కినవాడు మంత్రం వేసేవాడి ఇంటి అరుగు మీదే తన చివరి రెండు గంటలు పోగొట్టుకుంటాడు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే కుటుంబంలోనే నేనూ పుట్టాను. ఆ భక్తికీ సూదిమందుకూ విరోధం లేదు. దండం పెట్టుకోవాలంటే అంబులెన్సులో కూర్చుని పెట్టుకోవచ్చు.

కరిచిన వెంటనే చేయవలసింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. గాటు దగ్గర బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పూయకూడదు, పైన తాడు బిగించి కట్టకూడదు. తాడు కట్టడం మన సినిమాలు తరతరాలుగా నేర్పిన తప్పు. బిగించిన కట్టు వల్ల రక్తం ఆడక కాలే తీసేయవలసి వచ్చినవాళ్లున్నారు. ఆసుపత్రిలో ఆ కట్టు ఒక్కసారి విప్పితే ఆగిన విషం అంతా ఒకేసారి ఒంట్లోకి వెళ్తుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు ముందే తీసేయాలి, వాపు వచ్చాక రావు. కరిచిన కాలినో చేతినో ఎముక విరిగినప్పుడు కదలకుండా కట్టినట్టే కర్రబద్దతో వదులుగా కట్టాలి. మనిషిని నడిపించకూడదు, పరుగెత్తించకూడదు. వాంతి అవుతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పామును చంపి తేవాలని వెతుకుతూ కూర్చోకండి. ఆ వెతుకులాటలో ఇంకొకరు కాటు తింటారు, సమయమూ పోతుంది. మన దగ్గర దొరికే మందు ఆ నాలుగు పాములకూ కలిపి చేసినదే, కాబట్టి పాము పేరు తెలియకపోయినా వైద్యం ఆగదు.

ఆ మందు ఎలా వస్తుందో చెబితే దాని విలువ తెలుస్తుంది. తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం 1978 నుంచి ఉంది. వాళ్లు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలిపెడతారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కిస్తే వాటి రక్తంలో విరుగుడు తయారవుతుంది. దాన్ని శుద్ధి చేసి సీసాల్లో నింపుతారు. పాములు పట్టే ఇద్దరు ఇరుళవాళ్లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. దేశంలో వాడే మందుకు విషం ఎక్కువగా ఆ ఒక్క ప్రాంతం నుంచే రావడం ఒక లోపం. ఒకే జాతి పాము విషం కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు చూపించారు. మెరుగైన మందు కోసం పని సాగుతోంది. అది వచ్చేదాకా ఉన్న మందే మనకు దిక్కు.

మందు ఆలస్యం కావడానికి కుటుంబమే కారణం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సకాలంలో చేరిన మనిషిని మందు మొదలుపెట్టకుండా పెద్దాసుపత్రికి పంపేయడం నేను ఎన్నోసార్లు చూశాను. గుర్రపు సీరం కాబట్టి కొందరికి రియాక్షన్ వస్తుంది, ఒళ్లు దద్దుర్లెక్కుతుంది, రక్తపోటు పడిపోతుంది. ఒంటరిగా డ్యూటీలో ఉన్న యువ డాక్టరుకు ఆ భయం సహజమే. రియాక్షన్‌కు అడ్రినలిన్ ఉంది, అది పక్కన సిద్ధంగా పెట్టుకుంటే చాలు. విషం లక్షణాలు కనపడ్డాక మొదటి మోతాదు పది వయల్స్, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే పాము మనిషి వయసు చూసి విషం తగ్గించదు. రక్తం గడ్డకడుతుందో లేదో తెలుసుకోవడానికి ల్యాబు కూడా అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు పరీక్షనాళికలో కొంచెం రక్తం తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తే చాలు. ద్రవంగా కారిపోతే విషం రక్తంలో పనిచేస్తున్నట్టు. ఈ పరీక్ష ఏ చిన్న కేంద్రంలోనైనా చేయవచ్చు. డాక్టరుగారు తన కింద పనిచేసినవాళ్లకు పెట్టిన నియమం ఇదే: ముందు మందు ఎక్కించు, తర్వాత ఫోను చెయ్యి. ఇవాళ్టికీ ఇంతకన్నా మంచి నియమం నాకు తెలియదు.

దారి సంగతి కూడా నేపాల్ నుంచే చెబుతాను. అక్కడి దమక్ పరిసరాల్లోని గ్రామాల్లో యువకులు తమ మోటారుసైకిళ్ల మీద పాముకాటు మనిషిని నేరుగా వైద్యకేంద్రానికి చేర్చే ఏర్పాటు చేశారు. రోగిని మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకుంటారు. ప్రచారం, రవాణా రెండూ కలిసేసరికి ఆ ఊళ్లలో కాటు పడ్డవారిలో చనిపోయేవారి శాతం 10.5 నుంచి 0.5కు పడిపోయింది. 2013లో అచ్చయిన ఫలితమిది. మన ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. అయితే తండాలకు, గూడేలకు, లంక గ్రామాలకు బండి చేరేలోపు విలువైన సమయం పోతుంది. ఊరికి నలుగురు యువకులు ముందుకొస్తే ఆ సమయం మనదవుతుంది. మనకు మోటారుసైకిళ్లకు కొదవలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, 2030 కల్లా మరణాలను సగానికి తగ్గిస్తామని చెప్పింది. ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేయాలని కర్ణాటక అదే ఏడాది ఫిబ్రవరిలో ఆదేశించింది. నమోదు లేకపోతే ఏ మండలంలో ఏ నెలలో ఎంత మందు కావాలో ఎవరికీ తెలియదు. సంకల్పం కాగితం మీద ఉంది. దాన్ని మన మండలానికి దించవలసినవాళ్లం మనమే.

ఈ సభలో సర్పంచులున్నారు, ఆశా కార్యకర్తలున్నారు, ఉపాధ్యాయులున్నారు. అందరికీ ఒకే విన్నపం. వానలు పడకముందే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పాము మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి, వాటి గడువు ఎప్పటిదాకా, అడ్రినలిన్ ఉందా, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, ఆ రాత్రి వచ్చిన మనిషికి ఇక్కడే మందు మొదలుపెడతారా అని అడగండి. లేదంటే అర్జీ రాసి ఇవ్వండి, వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. ఆ కేంద్రం ఫోను నంబరు, 108, మీ ఊళ్లో బండి ఉన్న ఇద్దరి నంబర్లు ఇంట్లో తలుపు వెనక పిల్లలకు కూడా కనపడేట్టు రాసిపెట్టండి.